లైనప్ ఆఫీసుకి నప్పుతుందా? కుర్చీ వెనక నుంచి నా అనుభవం

"గీత మరీ పదునుగా ఉంటే ఆఫీసులో ఏమనుకుంటారో?" అట్లాంటా శివార్లలో నల్లజాతివారి బార్బర్ షాపులో కుర్చీ అద్దెకు తీసుకుని పనిచేసేవాడిగా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇది. గీత అంటే లైనప్, జుట్టు అంచుని ట్రిమ్మర్‌తో సూటిగా తీర్చడం. వారం చివర్లో మెడలో ఐడీ కార్డుతో వచ్చేవాళ్లు, కొత్త ఉద్యోగంలో చేరబోయేవాళ్లు, కొడుకుని మొదటి ఇంటర్వ్యూకి తయారుచేసే తండ్రులు, అందరూ ఏదో ఒక రకంగా ఇదే అడుగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. గీత పదునుగా ఉన్నందుకు ఎవరూ ఎబ్బెట్టుగా కనబడరు. ఆ గీత ఉండాల్సిన చోటు దాటి వెనక్కి జరిగితేనో, దాని మీద రంగు కొడితేనో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆఫీసు లైనప్ ఎలా చేస్తాం, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది వరసగా చెబుతాను.

లైనప్ అంటే నుదురు, కణతలు, చెవుల చుట్టూ, మెడ వెనక జుట్టు అంచుని ట్రిమ్మర్‌తో తీర్చి గీత తేల్చడం. ఊరిని బట్టి ఎడ్జప్ అనీ షేపప్ అనీ కూడా అంటారు. మన తెలుగువాళ్ల జుట్టు నిటారుగానో కాస్త అలలుగానో పెరిగి నుదుటి మీదికి వాలుతుంది కాబట్టి అది ఎక్కడ మొదలైందో ఎవరికీ పట్టదు. నల్లజాతివారి బిగుతు ఉంగరాల జుట్టుని 3 నుంచి 6 మిల్లీమీటర్లకు తీశాక దాచేందుకు ఏమీ మిగలదు, అంచు మొత్తం బయటపడుతుంది. పైగా ఆ అంచులో వెంట్రుకలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకి మెలి తిరుగుతాయి. పది రోజులు వదిలేస్తే ముఖం చుట్టూ మసకగా, నిద్ర లేచి వచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఆ సమాజంలో గీత తీయించుకోవడం సోకు కింద లెక్క కాదు, శుభ్రత కింద లెక్క. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడని మనం ఎవరినీ తప్పు పట్టం కదా, ఇదీ అంతే.

మరి ఈ అనుమానం ఎక్కడిదంటారా? చూసే కళ్లు ఎవరివన్నదే అసలు సంగతి. ఈ ఊరి చరిత్రలోనే అది ఉంది. 1858లో బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ అట్లాంటాలో పీచ్‌ట్రీ వీధిలో చాలా ఖరీదైన బార్బర్ షాపు నడిపాడు, 1905లో ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టాడు. ఆ షాపులో పనిచేసేవాళ్లు నల్లజాతివారు, కుర్చీలో కూర్చునేవాళ్లు తెల్లవారు. కత్తి పట్టుకున్నవాడు అదే కుర్చీలో కూర్చుని తన జుట్టు తీయించుకునే వీలు లేదు. ఏ జుట్టు చూడ్డానికి పద్ధతిగా ఉంటుందో తేల్చే అధికారం చాలాకాలం ఆ జుట్టు లేనివాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. నా కుర్చీలో కూర్చుని "కొంచెం మెత్తగా తియ్యి" అనేవాళ్లు ఆ చూపుని దృష్టిలో పెట్టుకునే అంటారు.

ఇక పని. కేప్ కప్పకముందే అడగాల్సినవి ఉన్నాయి. ఏం పని చేస్తారు, మళ్లీ ఎప్పుడు రాగలరు, గడ్డం గీశాక కురుపులు వస్తాయా. ఈ జవాబుల్ని బట్టే పనిముట్టు మారుతుంది. వారం వారం వచ్చేవాడికి తీసే గీత నెలకోసారి వచ్చేవాడికి తీయకూడదు. ఎంత పదునుగా తీస్తే, పెరిగేటప్పుడు అంత గట్టిగా తెలుస్తుంది. ఉంగరాల జుట్టు రోజుకి పావు మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. అంటే వారానికి దాదాపు రెండు మిల్లీమీటర్లు. గీతకి ముందు రెండు మిల్లీమీటర్ల మొలకలంటే ఎదురుగా కూర్చున్నవాడికి స్పష్టంగా కనబడతాయి.

తర్వాత సహజమైన గీత వెతకాలి. నుదుటి దగ్గర రెండు రకాల వెంట్రుకలుంటాయి. వెనక మందంగా, నల్లగా ఉండేవి. వాటికి ముందు పల్చటి నూగు. లైనప్‌లో పోవాల్సింది ఆ నూగు, దారి తప్పి ముందుకొచ్చిన ఒకటీ అరా వెంట్రుకలు. మందపాటి వెంట్రుకల మొదటి వరసని ముట్టుకోకూడదు. నేను వేళ్లతో చర్మాన్ని కాస్త వెనక్కి లాగి, దీపం పక్కనుంచి పడేలా కుర్చీ తిప్పి చూస్తాను. ఎదురుగా పడే వెలుతురులో నూగు మాయమైపోతుంది, పక్కనుంచి పడితే ప్రతి వెంట్రుకా నీడతో సహా తెలుస్తుంది. అనుమానం ఉంటే కనుబొమలు పైకెత్తమంటాను. నుదుటి ముడతలు ఆగిన చోటికి కాస్త పైనే సహజ గీత ఉంటుంది. ముడతలకీ జుట్టుకీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండి, ఆ ఖాళీలో నల్లటి చుక్కల్లా మొలకలు కనబడితే, ఇంతకుముందు ఎవరో గీతని వెనక్కి నెట్టారన్నమాట. ఈ షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట కూడా అదే: "డోంట్ పుష్ మీ బ్యాక్." నా గీత వెనక్కి తీసుకుపోకు అని.

అలా నెట్టేసిన తల వస్తే ఆ రోజు నుదుటి మీద ట్రిమ్మర్ పెట్టను. చుట్టూ తీసి, ముందు భాగం రెండు మూడు వారాలు పెరగనివ్వమంటాను. కొంతమంది ఒప్పుకోరు, సోమవారం మీటింగ్ ఉందంటారు. అప్పుడు మొలకల మధ్య కొత్త గీత గీయకుండా, ముందుకొచ్చిన మొలకల్ని, గార్డు (పొడవు కోసం తగిలించే దువ్వెన) లేని క్లిప్పర్‌తో కురచ చేసి వదిలేస్తాను. పూర్తి పదును రాదు కానీ రెండు గీతలు కనబడే దరిద్రం తప్పుతుంది.

పైన జుట్టు ఎలా తీశామన్నది గీత మీద నేరుగా పనిచేస్తుంది, దీన్ని కొత్తవాళ్లు పట్టించుకోరు. ఒకటో నంబర్ గార్డు 3 మిల్లీమీటర్లు, ఒకటిన్నర అయితే 4.5, రెండు అయితే 6. ఇదే గార్డుతో జుట్టు వాలుగా, అంటే అది పెరిగే దిక్కులోనే తీస్తే నల్లగా నిండుగా కనబడుతుంది. ఎదురు తీస్తే ఇంకా కురచై చర్మం తొంగిచూస్తుంది. నుదుటి దగ్గర ఎదురు కొట్టారనుకోండి, అంచు పాలిపోతుంది. పాలిపోయిన అంచు మీద ఎంత గీసినా గీత తేలదు. అప్పుడు బార్బర్ నల్లదనం కోసం ఒక వరస వెనక్కి వెళ్తాడు, అక్కడా తేలకపోతే ఇంకో వరస. గీత వెనక్కి పోవడానికి సగం కారణం చేతి తప్పు కాదు, ముందు చేసిన ఈ ఎదురు కోత. ఆఫీసు తలకి నేను ముందు భాగమంతా వాలుగానే తీస్తాను, ఒకటిన్నర గానీ రెండు గానీ. పక్కల్లో చర్మం దాకా దిగే బాల్డ్ ఫేడ్ బదులు, చెవి ముందు, మెడ వెనక మాత్రమే సన్నగా దిగే లో టేపర్ సూచిస్తాను. బాల్డ్ ఫేడ్ తప్పని కాదు. నున్నగా తీసిన చర్మం పక్కన నల్లటి గీత నిలబడితే ఆ తేడా వల్లే గీత రెట్టింపు పదునుగా అనిపిస్తుంది. మెత్తగా కనబడాలంటే గీతని మొద్దు చేయక్కర్లేదు, దాని పక్కనున్న తేడా తగ్గిస్తే చాలు.

గీత పనికి టీ ఆకారపు బ్లేడున్న ట్రిమ్మర్ వాడతాం. ఆండిస్, వాల్, బేబీలిస్ కంపెనీల్లో ఎవరి చేతికి అలవాటైంది వాళ్లది. ఇందులో కదలని పళ్ల వరస ఒకటి, దాని మీద అటూ ఇటూ ఆడే వరస ఒకటి. రెండిటి అంచుల మధ్య కంపెనీ కొంచెం ఖాళీ వదులుతుంది. బార్బర్లు మరలు వదులు చేసి ఆ ఖాళీని దాదాపు తీసేస్తారు, జీరో గ్యాప్ అంటారు. గీత బాగా తెగుతుంది గానీ, ఆడే వరస వెంట్రుక వాసి ముందుకొచ్చినా చర్మాన్ని కొరుకుతుంది. మరలు బిగించాక మోచేతి లోపలి వైపు మెత్తటి చర్మం మీద నిలువుగా ఆనించి చూడాలి. గీసుకుంటే మళ్లీ సర్దాలి. ఆఫీసు లైనప్‌కి జీరో గ్యాప్ అవసరమే లేదని నా అభిప్రాయం. కంపెనీ వదిలిన ఖాళీతో తీసిన గీత ఓ అడుగు దూరం నుంచి అంతే శుభ్రంగా ఉంటుంది, కురుపులూ తగ్గుతాయి.

బ్లేడు వేడి గురించి ఎవరూ చెప్పరు. పావుగంట ఆగకుండా ఆడితే లోహం చేతికి చురుక్కుమంటుంది. ఆ వేడితో నుదుటి మీద గీస్తే మర్నాటికి గీత వెంట ఎర్రటి కమిలిన పట్టీ, మూడోనాటికి పొక్కులు. వాటిని చూసి జనం రేజర్ కురుపులనుకుంటారు. నడిమధ్యలో ఆపి కూలింగ్ స్ప్రే కొట్టాలి, లేదా రెండో ట్రిమ్మర్ తీసుకోవాలి. ప్రతి తలకీ ముందు రెండు మూడు చుక్కల నూనె వేయాలి. శుభ్రం సంగతి రాష్ట్ర బోర్డు రూల్స్‌లోనే ఉంటుంది: దువ్వెనలు, కత్తెరలు బార్బిసైడ్ ద్రావణంలో పూర్తిగా మునిగి పది నిమిషాలుండాలి. 32 ఔన్సుల నీటికి 2 ఔన్సుల మందు, అంటే లీటరుకి ఇంచుమించు 60 మిల్లీలీటర్లు. ఆ నీలిరంగు సీసాలో దువ్వెన ముంచి వెంటనే తీసేవాడిని చూస్తే కుర్చీలోంచి లేచి రావడమే మంచిది.

గీత మధ్యనుంచి మొదలుపెట్టాలి. ముక్కు కొనకి సూటిగా పైన, మందపాటి వరస ముందు, ట్రిమ్మర్‌ని నిలువుగా పట్టుకుని పళ్లు చర్మానికి ఆనీ ఆనకుండా తాకించాలి. ఈడవకూడదు, తట్టాలి. తట్టిన ప్రతిసారీ బ్లేడు వెడల్పంత గీత పడుతుంది. పక్కనే ఇంకోటి, సగం దాని మీద సగం కొత్త చోట. అలా మధ్యనుంచి కుడి మూలకి, మళ్లీ మధ్యనుంచి ఎడమ మూలకి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరికి లాక్కుపోతే గీత వాలిపోతుంది, ఆ వాలు సరిచేయడానికి కిందికి దిగిన వైపు మళ్లీ కోయాలి. చిటికెన వేలు కస్టమర్ నుదుటి మీద ఆనించి ఉంచితే, ఆయన తల కదిపినా చెయ్యీ తలా కలిసే కదులుతాయి.

పని చెడేది ఇక్కడే కాబట్టి ఇంకొంచెం వివరంగా చెబుతాను. ఏ ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ పైకుంటుంది, ఒక కణత లోపలికుంటుంది. అద్దంలో చూస్తూ "కుడివైపు కొంచెం కిందికుంది" అనుకుని అర మిల్లీమీటరు తీస్తాం. ఇప్పుడు ఎడమ కిందికున్నట్టు అనిపిస్తుంది. అటు అర, ఇటు అర, నాలుగుసార్లు తిరిగేసరికి గీత రెండు మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లిపోతుంది. గీత మాత్రం తాడు పట్టినట్టు సూటిగా ఉంటుంది. కుర్చీలోంచి దిగేటప్పుడు అద్భుతంగా ఉంటుంది కూడా. నాలుగో రోజున ముందు చుక్కలు మొలుస్తాయి, ఏడో రోజుకి నుదుటి మీద బూడిదరంగు పట్టీ కనబడుతుంది. ఆఫీసులో జనం "ఏదో తేడాగా ఉంది" అనుకునేది ఆ పట్టీని చూసి, పదునుని చూసి కాదు. ఇదే పని వారం వారం జరిగితే నుదురు పెద్దదవుతూ పోతుంది. గొరిగినంత మాత్రాన వెంట్రుక మొలవడం మానదు. అదే చోట మళ్లీ మళ్లీ వాపు, కురుపులు వచ్చి మచ్చ పడితే మాత్రం ఆ కుదురు శాశ్వతంగా పోతుంది. అందుకని నేను ప్రతి వైపూ ఒక్కసారే సరిచేస్తాను. ఇంకా తేడా ఉంటే అద్దంలోంచి కళ్లు తీసి రెండడుగులు వెనక్కి నిలబడి నేరుగా ముఖం చూస్తాను. ఎదుటి మనిషికి కనబడని తేడా మనకి అక్కర్లేదు.

మూలలు ఆఫీసు గీతకీ వీడియో షూట్ గీతకీ తేడా తేల్చే చోటు. నుదుటి గీత, కణత గీత కలిసే దగ్గర 90 డిగ్రీల కోణం తీస్తే పెట్టె మూతలా ముఖం చతురస్రమైపోతుంది. ఆ కోణం కొనని ట్రిమ్మర్ మూలతో ఒకే ఒక్కసారి తాకించి గుండ్రం చేస్తే చాలు. కణత దగ్గర లోపలికి వంగే వంపుని లోతుగా తవ్వకూడదు, అక్కడ జుట్టు అసలే పల్చన. సైడ్‌లాక్స్ చెవి మధ్య ఎత్తులో ఆపి, గడ్డం ఉంటే దాంట్లోకి సన్నగా దించాలి. మెడ వెనక అడ్డగీత తీస్తే మూడు రోజుల్లో కాలరు మీద మొలకలు కనబడతాయి. అక్కడ టేపర్ చేస్తే రెండు వారాలు ఫర్వాలేదు. మెడ వెనక గట్టి గుల్లలున్నవాళ్లకి, నొక్కితే నొప్పి పుట్టేవాళ్లకి అక్కడ కత్తి గానీ జీరో బ్లేడు గానీ వాడనే కూడదు. ముదిరితే మచ్చ గట్టిపడి జుట్టు రాలుతుంది, చర్మ డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

రేజర్ వాడాలా వద్దా? ఒకసారి వాడి పారేసే సగం బ్లేడు బిగించిన కత్తితో నూగు గీస్తే గీత ఇంకో రోజో రెండు రోజులో మెరుస్తుంది. లాభం అంతవరకే. నష్టం చర్మాన్ని బట్టి ఉంటుంది. ఉంగరం తిరిగిన వెంట్రుకని చర్మం బిగలాగి గీస్తే, వదిలాక తెగిన కొన చర్మం లోపలికి జారుతుంది. కొన ఏటవాలుగా సూదిలా ఉంటుంది, వంకర తిరుగుతూ పక్కకి గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లులా భావించి వాపు తెస్తుంది. అదే రేజర్ కురుపు. ఎదురు కత్తి పెడితే ఇంకా ఎక్కువ. కురుపుల చరిత్ర ఉందన్నవాడికి నేను కత్తి తీయను, ట్రిమ్మర్‌తో ఆపేస్తాను. లేనివాడికి కూడా నుదుటి మీద మాత్రమే, జెల్ రాసి, 30 డిగ్రీల వాలులో, చర్మాన్ని తేలిగ్గా పట్టుకుని, జుట్టు వాలులోనే గీస్తాను. తర్వాత చల్లటి గుడ్డ, విచ్ హేజెల్ అనే మొక్క నుంచి తీసిన ద్రవం. మంటపుట్టే ఆల్కహాల్ అలవాటు చాలా షాపుల్లో ఉంది కానీ గీసిన చర్మం మీద దాని అవసరం నాకు కనబడలేదు.

గడ్డం విషయంలో ఇది ఆఫీసు పంచాయితీ దాకా వెళ్లింది కూడా. గడ్డం ఉండకూడదన్న డొమినోస్ రూల్ మీద నడిచిన బ్రాడ్లీ వర్సెస్ పిజ్జాకో కేసులో 1993లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, గీస్తే కురుపులొచ్చే నల్లజాతి మగవాళ్ల మీద ఆ రూల్ దెబ్బ ఎక్కువగా పడుతుందని, కంపెనీ తగిన కారణం చూపలేదని చెప్పింది. అంటే నున్నగా గీసుకోవడమే పద్ధతి అన్న లెక్క అందరి చర్మానికీ కుదరదు. కురుపులున్నవాడు గడ్డాన్ని అర నుంచి ఒక మిల్లీమీటరు ఉంచి, బుగ్గ మీద, మెడ మీద గీత తేల్చుకుంటే నున్నటి గడ్డం కన్నా శుభ్రంగా కనబడతాడు.

రంగు గురించి నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. ఎన్‌హాన్స్‌మెంట్ పేరుతో అట్ట అడ్డం పెట్టి గీత వెంట నల్ల స్ప్రే కొట్టడం, పొడి ఫైబర్లు చల్లడం, పల్చని చోట రంగు వేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోటోలో అదిరిపోతుంది. ఆఫీసు ట్యూబులైట్ కింద మాత్రం జుట్టుకి ఉండని, నిగనిగలాడని నలుపు, మార్కర్‌తో గీసినట్టు. చెమట పడితే నుదుటి మీదికి దిగుతుంది, తెల్ల కాలరుకి అంటుతుంది. ల్యాప్‌టాప్ కెమెరాలో ఇంకా దారుణం: కెమెరా వెలుతురు సర్దుకునేటప్పుడు ఆ గీత ఒక్కటే ముఖం మీద వేరే పొరలా తేలుతుంది. గడ్డం రంగుల్లో చాలావాటిలో మన ఊళ్లలో దొరికే నల్ల రంగు పొడుల్లో ఉండే పీపీడీ అన్న రసాయనమే ఉంటుంది. చెవి వెనక రాసి 48 గంటలు చూడకుండా ముఖానికి పూస్తే వాచిపోయేవాళ్లున్నారు. ఇంటర్వ్యూకి వెళ్లేవాడికి నేను రంగు వేయను. పెళ్లికి అడిగితే వేస్తాను.

ఎప్పుడు తీయించుకోవాలన్నది సగం పని. అదేరోజు పొద్దున తీయించుకుంటే గీత పక్కన చర్మం ఎర్రగానో, కమిలి మెరుస్తూనో ఉంటుంది. మంగళవారం ఇంటర్వ్యూ అయితే ఆదివారం నా లెక్కలో సరైన రోజు, సోమవారం చాలా షాపులు మూసి ఉంటాయి. రెండు రాత్రులు గడిస్తే ఎరుపు పోతుంది, గీత పదును కాస్త చల్లబడుతుంది, మొలకలు ఇంకా రావు. రాత్రి డ్యూరాగ్ (తలకి బిగించి కట్టే గుడ్డ) గానీ పట్టు దిండు గలేబు గానీ ఉంటే అంచు చెదరదు. ఉద్యోగం చేసేవాడికి నేను చెప్పే పద్ధతి: రెండు వారాలకి పూర్తి కటింగ్, మధ్య వారం లైనప్ ఒక్కటే. మా వైపు లైనప్ ఒక్కటే 20, 25 డాలర్లు, పూర్తి కటింగ్ 40 పైన, టిప్పు అదనం. అంత ఖర్చు భరించలేనివాడు మూడు వారాలకోసారి వచ్చినా ఫర్వాలేదు, మెత్తటి గీత, టేపర్ చేసిన మెడ అడగాలి. అవి అందంగా పాతబడతాయి.

ఏ ఉద్యోగానికి ఏది అంటే, బ్యాంకు, కోర్టు, హాస్పిటల్, అమ్మకాల పని, అన్నిచోట్లా సహజ గీత మీద తీసిన లైనప్ చెల్లుతుంది. నా కుర్చీలో లాయర్లూ సర్జన్లూ వారం వారం అదే తీయించుకుంటారు. ఆలోచించాల్సింది అదనపు గీతల గురించి. పాపిడి స్థానంలో గొరిగే హార్డ్ పార్ట్ అమెరికన్ ఆర్మీ నిబంధనల్లోనే ఉంది: ఒక్కటే, సూటిగా, వంపూ వాలూ లేకుండా, మామూలుగా పాపిడి తీసే చోటే ఉండాలి. ఆర్మీకి పనికొచ్చింది ఆఫీసుకి పనికిరాదనుకోను. కాకపోతే అది మూడో రోజుకే మసకబారుతుంది. కనుబొమలో చీలిక, పక్కన మెరుపు తీగ లాంటి డిజైన్లు మాత్రం మొదటి నెల జీతం పడ్డాక చూసుకోమంటాను.

చట్టం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. జుట్టు తీరుని బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టాన్ని కాలిఫోర్నియా 2019లో మొదట తెచ్చింది, టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమలైంది, ఇంకా చాలా రాష్ట్రాల్లో ఉంది. అన్నిచోట్లా లేదు. ఆ చట్టాలు చెప్పేది జుట్టు తీరు గురించి, జడలు, లాక్స్ అనే జటలు, ట్విస్టులనే మెలికల వంటి వాటి గురించి. ట్రిమ్మర్ గీత పేరు పెట్టి అందులో ఉండదు. 2020లో పార్సిల్ సంస్థ యూపీఎస్ తన రూల్స్ సడలించి సహజమైన జుట్టు తీరుల్నీ గడ్డాన్నీ అనుమతించింది. గీత గురించి ఒక మేనేజర్ అభ్యంతరం చెబితే మొదట అడగాల్సింది ఒక్కటే: రాతపూర్వకంగా ఉన్న ఏ నిబంధన? నాకు తెలిసి ఆ ప్రశ్న దాటి ముందుకెళ్లిన అభ్యంతరాలు తక్కువ.

ముప్ఫై దాటి మూలలు వెనక్కి పోతున్నవాళ్లకి వేరే లెక్క. మూలల్లో జుట్టు తగ్గితే, మధ్య భాగాన్ని కూడా దానికి సమానంగా కోసి సూటి గీత తెచ్చే బార్బర్లుంటారు. గీత సూటిగానే వస్తుంది, నుదురు మాత్రం తల మధ్యదాకా పోతుంది. మూలలు ఎలా తగ్గాయో అలాగే అనుసరించి, అంచుని సున్నితంగా తేల్చి, పైన జుట్టు ఒకటో నంబరుకి దించితే పల్చదనం కలిసిపోతుంది. అదీ కుదరని దశలో నున్నగా తీసి గడ్డానికి మంచి గీత పెట్టుకోవడం నిజాయితీ అయిన పరిష్కారం. పొడుగు ఆఫ్రో, ట్విస్టులు ఉన్నవాళ్లకి నుదుటి గీత ఇంకా మెత్తగా ఉండాలి. పైన మేఘంలా జుట్టుండి కింద బ్లేడు గీత ఉంటే రెండూ ఒకరివి కానట్టు ఉంటాయి.

మన పిల్లలు కూడా ఇక్కడ లైనప్ అడుగుతున్నారు. నిటారు జుట్టుకి నుదుటి మీద గీత పెట్టకండి. మొలక నేరుగా ముందుకి పొడుచుకొస్తుంది కాబట్టి రెండు మూడు రోజుల్లోనే గరుకు తేలుతుంది. కణత, సైడ్‌లాక్స్, మెడ వరకు తేల్చుకుని నుదురు వదిలేస్తే బాగుంటుంది. ఇక హైదరాబాద్ టోలిచౌకి వైపు ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థుల తలలు చూసే మన బార్బర్లకు ఒక మాట: దువ్వెనా కత్తెరా పక్కన పెట్టండి, అవి ఆ జుట్టులో ఆగిపోతాయి. కోసేముందు నీళ్లు కొట్టకండి, తడిస్తే ఉంగరం ముడుచుకుని అసలు పొడవు తెలీదు. పొడి జుట్టు మీద మెత్తటి బ్రష్‌తో వాలు కనుక్కుని, రెండో నంబర్ గార్డుతో వాలుగా తీయండి. ఒకటో నంబరుకి ఎప్పుడైనా దిగొచ్చు. ఉస్తరా జోలికి పోకండి.

కుర్చీలో కూర్చునేవాడు చెప్పాల్సింది పొడుగు ఉపన్యాసం కాదు. సహజ గీత మీదే, మూలలు మెత్తగా, లో టేపర్, కత్తి వద్దు, రంగు వద్దు. ఫోన్‌లో తన పాత ఫోటో, తనకి నచ్చిన రోజుది, చూపిస్తే ఇంకా మంచిది. నటుల ఫోటోలు వద్దు, వాళ్ల నుదురు వేరు. నుదుటి పని మొదలయ్యేటప్పుడు చేతిలో అద్దం ఇమ్మని అడగాలి. మొదటి తట్టు పడ్డాక చూసి, అది మందపాటి వరస ముందు పడిందా మీద పడిందా తేల్చుకోవాలి. మీద పడితే అక్కడే ఆపమనాలి, రెండో వైపుని దానికి సమానం చేయనివ్వకూడదు. ఒక మూల తేడా వారంలో సర్దుకుంటుంది. రెండు మూలలూ పోతే నెల పడుతుంది.